పసిబిడ్డ మేనికి పరిమళ మేల?

(బరంపురమున మన పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



పాఠశాలలో జరుగు సభయందు పసిబిడ్డల స్నానమును గూర్చి ప్రసంగ మేమిటని కొందరు శంకింపవచ్చును. బడికి వచ్చు బిడ్డతోబాటు ఉయ్యెలలో నుండు బిడ్డయు మీలో పెక్కుమంది యిండ్లలో నున్నది. మరియు, మోచేతి మడతలను, మోకాలి వెనుకభాగమును గోకుకొనుచు, రాత్రి నిదుర చాలక, మరునాడు తరగతిలో కునికిపాట్లు పడు పిల్లలు ఏ బడిలో చూచినను ఇద్దరు ముగ్గు రుందురు. ఈ ఎగ్జిమా అను బాధ వారిలో అనేకులకు మొదటి యేటనే మొదలగును. కావున మొదటి యేడు బిడ్డ మేనికి మన మేమి పూయుచున్నా మనునది బడికి సంబంధింపని విషయము కాదు.

నేను చెప్పదలచినది చిన్న మాట. సున్నితమైన చర్మముగల బిడ్డకు కొను సబ్బు గాని, నూనె గాని, లేపనము గాని పరిమళము కలుపనిదై యుండవలెను. పరిమళము బిడ్డకు చేయు మేలు ఏదియు లేదు. అది ఎత్తుకొను మనకొరకు కలుపబడినది. దాని కష్టము మాత్రము బిడ్డ అనుభవించును.

శిశువు చర్మము పెద్దవారి చర్మమునకు చిన్న ప్రతి యని మన మనుకొందుము. అది సరికాదు. చర్మమునకు మీది పొర శిశువులలో పెద్దలకంటె సుమారు 30 శాతము పలుచగా నుండును. క్రొత్త కుండ గోడనుండి నీరు చెమర్చినట్లు, ఈ పలుచని పొరనుండి లోని తేమ వెలికి పోవును. వెలుపలి వస్తువులు లోనికి సులభముగా దిగును. బరువుతో పోల్చి చూచిన బిడ్డ చర్మపు వైశాల్యము పెద్దవారికంటె రెండింతలకు మించి యుండును. అనగా ఒంటినిండ పూసిన దేదైనను పెద్దవారికంటె బిడ్డపై నెక్కువ భారము. పుట్టిననాడు ఇంచుమించు తటస్థముగా నుండు చర్మము కొన్ని వారములలో కొంచెము ఆమ్లగుణమును పొందును. ఆ ఆమ్లగుణమే సూక్ష్మజీవులకు అడ్డుగోడ. సామాన్యమైన సబ్బు క్షారము. దానిని పూటపూటకు రుద్దినచో ఆ గోడ నిలువదు.

కొందరు బిడ్డల విషయములో ఈ గోడ పుట్టుకతోనే బలహీనము. చర్మపు పొరలను బిగించి యుంచు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు సరిగా తయారు కాని వంశలక్షణము ఎగ్జిమాకు ఒక ముఖ్యకారణమని స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇతర దేశముల సహచరులతో కలసి, 2006లో కనుగొనిరి. తల్లికిగాని తండ్రికిగాని ఉబ్బసము, ఎగ్జిమా, పడిశపు తుమ్ము లున్న యింట పుట్టిన బిడ్డను మరింత జాగ్రత్తతో చూడవలెననుట ఇందువలననే. ఇట్టి బిడ్డకు ఒళ్లు ఎఱ్ఱబడినంతనే దిష్టి తగిలినదనియో, తల్లి తిన్న వంకాయ పడలేదనియో బాలింతను పస్తు పెట్టుట మన యిండ్లలో నున్నది. తల్లి ఆహారమును తగ్గించుటకు ముందు, స్నానపు గదిలోని సీసాలను తగ్గించి చూచుట న్యాయము.

ఇక పరిమళ మనగా నేమి? డబ్బాపై ‘ఫ్రేగ్రెన్స్’ అనియో ‘పర్ఫ్యూమ్’ అనియో ఒక్క మాట యుండును. ఆ ఒక్క మాట వెనుక పదుల కొలది రసాయనము లుండవచ్చును. చర్మమునకు పడకపోవు వస్తువులలో పరిమళములు లోకమంతట మొదటి వరుసలో నుండునవి. అందుచేతనే ఐరోపా దేశముల సమాఖ్య 2003లో 26 పరిమళ పదార్థముల పేర్లను విడివిడిగా అచ్చువేయవలెనని శాసించెను. 2023లో ఆ జాబితా 80కి మించెను. ఒంటిపై నిలుచు లేపనములో నూటికి 0.001 వంతు మించినను పేరు చెప్పవలె ననుటను బట్టి, ఎంత స్వల్పమాత్రను వారు లెక్కకు తీసికొనిరో గ్రహింపవచ్చును. మఱియొక సంగతి. ఒక పరిమళమునకు చర్మ మొకసారి విరోధము పూనినచో ఆ విరోధము సామాన్యముగా జీవితాంతము నిలుచును. ఉయ్యెలలో మొదలైన పగ పెండ్లినాటి అత్తరువరకును వెంబడింపవచ్చును.

‘మాది సహజ పరిమళము, గులాబీది, లావెండరుది’ యని వ్రాసిన సీసాలకు మనవారు ఎక్కువ ధర యిచ్చి కొనుచున్నారు. చర్మమునకు తోటయు కర్మాగారమును ఒక్కటే. చర్మవైద్యులు పరిమళపు విరోధమును పరీక్షించుటకు వాడు మిశ్రమములో లవంగములోని యూజెనాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్, గులాబీలోని జెరానియాల్ ఉన్నవి. లావెండరులోని లినలూల్, నిమ్మతొక్కలోని లిమొనీన్ గాలి తగిలి నిలువయున్నకొలది మరింత తీవ్రమగును. మూత తెరచి ఏడాది యుంచిన ‘సహజ’ తైలము క్రొత్తదానికంటె చెడ్డది.

ఇప్పుడు మన యింటి వాడుకల సంగతి. దీనిని కొంచెము విస్తరించి చెప్పెదను. ఏలయన, మనవారు అంగడి సబ్బును అనుమానింతురు గాని నలుగుపిండిని అనుమానింపరు. ఉత్త పెసరపిండియో సెనగపిండియో ఒక మాట. అందులో కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు, బావంచాలు దంచి కలిపిన సున్నిపిండి వేరొక మాట. బావంచాలలో సోరలిన్ జాతి పదార్థము లున్నవి. బొల్లి చికిత్సలో దానిని వాడుదురు. ఏలయన అది తగిలినచోట ఎండ ఎక్కువగా పట్టును. అట్టిది పసిబిడ్డ మేనికి రుద్ది లేత యెండలో పరుండబెట్టినచో ఒళ్లు కందవచ్చును, బొబ్బలెక్కవచ్చును. పండుగనాడు పెద్దపిల్లలు అంటుకొనుట సరే. ఆరునెలల బిడ్డకు వలదు. పిండి ఏదైనను బరకగా నుండి గట్టిగా రుద్దినచో చర్మము చిట్లును. ఒంటి మీది నూగు పోవుటకై రుద్దుదురు. ఆ నూగు కొన్ని వారములలో దానంతట అదియే రాలిపోవును.

సాంబ్రాణి ధూపమునకు మనయందు గౌరవ మున్నది. జుట్టు ఆరుటకును, దోమలు పోవుటకును, దిష్టికిని అది మంచిదని పెద్దల నమ్మకము. గదిలో దేవునియెదుట కొంచెము వేసికొనుటను నేను కాదనను. బిడ్డను కుంపటిపై పట్టి పొగ పట్టించుట మాత్రము వలదని చేతులు జోడించి వేడుకొందును. పొగ ఏ వస్తువుదైనను పసి ఊపిరితిత్తులకు శత్రువే. సాంబ్రాణి జిగురు చర్మమునకు పడనివారు కలరు. నిప్పు ప్రమాదమును వేరుగ చెప్పనక్కరలేదు. మెత్తని పాత నూలుగుడ్డతో అద్దిన తల ఆరును.

నూనెల విషయములో మన ఊరికి ఒక ప్రత్యేకత కలదు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి గంజాం అందులో చేరినను, అంతకు పూర్వమునుండియు మన యిండ్లును ఒడియావారి యిండ్లును ప్రక్కప్రక్కనే యుండుటచే వంటయు వాడుకయు కలసిపోయినవి. మన పూర్వులు నువ్వులనూనె అంటినచోట నేడు పలువురు ఆవనూనెను వెల్లుల్లి వేసి కాచి బిడ్డకు మర్దన చేయుచున్నారు. ఆవనూనెకు ఘాటు కలదు. 2002లో ప్రకటింపబడిన ఎలుకలపై ప్రయోగములలో, దెబ్బతిన్న చర్మపు గోడ ఆవనూనె పూసినచో ఆలస్యముగా బాగుపడెను; పొద్దుతిరుగుడు నూనె పూసినచో త్వరగా బాగుపడెను. పొరుగువారి వాడుకను నిందింప నేను రాలేదు. ఎఱ్ఱబడిన ఒంటికి మాత్రము ఘాటు నూనె పనికిరాదు. వాసన కలుపని కొబ్బరినూనె చాలును. తలకు రాచుకొను కొబ్బరినూనె సీసాలలో అనేకములందు మల్లె, సంపెంగ పరిమళము కలిపియుందురు. అది కాదు, ఉత్త కొబ్బరినూనె.

ఇక అంగడిలో డబ్బాను చూచు విధము. ముందువైపున ఏమి వ్రాసినను నమ్మవలదు, వెనుకకు త్రిప్పవలెను. ‘అన్‌సెంటెడ్’ అనగా వాసన రానిది. ‘ఫ్రేగ్రెన్స్ ఫ్రీ’ అనగా పరిమళము కలుపనిది. ఈ రెండును ఒకటి కావు. పచ్చి సరకు వాసనను కప్పుటకు మరియొక పరిమళమును కలిపి, తుదకు ఏ వాసనయు రాకుండ చేసి, మొదటి పేరుతో అమ్మవచ్చును. ముక్కు మోసపోవును, చర్మము మోసపోదు. ‘హైపోఅలర్జెనిక్’ అను గంభీరమైన మాట సంగతి వినుడు. అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ 1975లో ఆ మాటకు ఒక నిర్వచనము నేర్పరచగా, 1977లో అక్కడి న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసెను. నాటినుండి ఆ దేశములో ఆ మాటకు తయారుచేయువాడు చెప్పిన యర్థమే యర్థము.

మన దేశమున 2020నాటి సౌందర్యసాధనముల నియమావళి ప్రకారము వెనుకవైపు పట్టికలో ఒక శాతమునకు మించిన పదార్థములు హెచ్చునుండి తగ్గునకు వరుసగా నుండవలెను. అంతకు తక్కువైనవి తరువాత ఏ క్రమముననైన నుండవచ్చును. పరిమళము స్వల్పముగా కలుపుదురు గనుక దానిని పట్టిక తుదిలో వెదకవలెను. ‘ఫ్రేగ్రెన్స్’, ‘పర్ఫ్యూమ్’, ‘పార్ఫుమ్’, ‘అరోమా’, లేదా ఏదైన పువ్వు తైలము పేరు కనబడినచో ఆ డబ్బాను తిరిగి యిచ్చివేయుడు. పట్టిక పొడవు తక్కువైన వస్తువు సాధారణముగా మేలు. తడి తుడుపు గుడ్డలు కొనువారు ‘మిథైల్ ఐసోథయజోలినోన్’ అను నిలువ మందును గూడ చూడవలెను. అది పరిమళము కాకున్నను పిల్లల చర్మమును బాధించిన కారణమున, ఒంటిపై నిలుచు వస్తువులలో ఐరోపావారు దానిని 2017లో నిషేధించిరి. ఇంటిలో గోరువెచ్చని నీరును నూలుగుడ్డయు నుండగా ఆ గుడ్డలకు రూపాయలు పోయుట ఏల?

ఇక్కడ మన సంఘమువారి ముఖ్యమైన చిక్కు ఒకటి కలదు. పట్టిక ఇంగ్లీషులో నుండును. బిడ్డకు నీళ్లు పోయు అమ్మమ్మయో నాయనమ్మయో తెలుగు మాత్రమే చదువగలవారు. కొందరు అదియును చదువలేరు. ఇంటిలో ఇంగ్లీషు అక్షరములు వచ్చినవారు మన అయిదవ తరగతి పిల్లలు. కావున ఆ నాలుగు మాటలను మీ పిల్లలచేత ఒక కాగితముపై తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాయించి, నీళ్లగదిలో అంటింపుడు. అంగడికి పోవునపుడు పిల్లవానిని వెంట తీసికొనిపొండు. ‘మామ్మా! ఇందులో ఫ్రేగ్రెన్స్ ఉన్నది, వద్దు’ అని మనుమడు చెప్పిన మాటను ఏ నాయనమ్మయు త్రోసివేయదు. కోడలు చెప్పిన ఆ మాటయే వేరొక రీతిగా వినబడును.

స్నానము గోరువెచ్చని నీటితో, అయిదు పది నిమిషములలో ముగియవలెను. పుట్టిన బిడ్డకు మొదటి స్నానమును 24 గంటలవరకు ఆపుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సబ్బు ఒంటినిండ అక్కరలేదు. మడతలకు, మలమూత్రములు తగులు చోటులకు చాలును. క్షారగుణము లేని పరిమళరహితపు సబ్బు దొరకినచో అదియే మేలు. ఒళ్లు పొడిగా నుండి పగులుచున్న బిడ్డకు, తడి పూర్తిగా ఆరకముందే పరిమళము లేని లేపనమును పలుచగా పూయవలెను. మన సముద్రతీరపు వేసవిలో చిక్కని లేపనము చెమటను ఆపి చెమటకాయలను లేపును. ఆ నెలలలో నీటిపాలు ఎక్కువగా నున్న దానిని ఎంచుకొనుట యుక్తము. పౌడరు వలదు, చల్లినది బిడ్డ ఊపిరిలోనికి పోవును.

చర్మము బాగుగా నున్న బిడ్డకు ముందుజాగ్రత్తయని రోజూ లేపనములు పూయనక్కరలేదు. బ్రిటనులో ఎగ్జిమా వంశములకు చెందిన 1394 మంది శిశువులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు మొదటి యేడంతయు ప్రతిదినము లేపనము పూయించి చూచిరి. 2020లో వెల్లడించిన ఫలితము: రెండవ యేట ఎగ్జిమా వారిలో తగ్గలేదు, చర్మమునకు అంటు చేరుట మాత్రము కొంచె మెక్కువగా నుండెను. ఖరీదైన డబ్బా కొనలేకపోతి నని దిగులుపడు తల్లులు ఈ సంగతి గుర్తుంచుకొందురుగాక.

క్రొత్త వస్తువును ఒక్కసారిగా ఒంటినిండ పూయక, ముంజేతి లోపల రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున వారము పది దినములు పూసి చూడుడు. ఎఱ్ఱబడకున్న వాడుడు. పసుపుపచ్చని రసి కారి పొక్కు కట్టినను, బొబ్బలు లేచినను, జ్వరము తోడైనను ఏ లేపనముతోను కాలయాపన చేయక ఆనాడే వైద్యునికి చూపవలెను. మందులషాపులో అడిగి ‘తెల్లని ట్యూబు’ కొని పూయుట మన వీధులలో మామూలైనది. అందులో స్టెరాయిడు ఉండవచ్చును. వైద్యుడు కొలత చెప్పి యిచ్చిన అదియే మందు, ఊరకే పూసిన చర్మమును పలుచబరచును.

సభకు ముందు ఒక సోదరి నన్నడిగిరి: ‘అన్ని వాసనలు తీసివేసినచో బిడ్డ ముద్దుగా ఉండునా?’ అని. వారము దాటకముందే శిశువు తన తల్లి పాలవాసనను గుర్తించి ఆ వైపునకు తల త్రిప్పునని 1975లో ఇంగ్లండులో చేసిన పరిశీలనలో తేలినది. కావున మీ రవికెకు చల్లుకొను సెంటును, బట్టల నానబెట్టు పరిమళ ద్రవమును గూడ కొన్నాళ్లు ఆపుడు. బిడ్డ గుడ్డలను పరిమళము లేని సబ్బుతో ఉతికి, మరి రెండు నీళ్లు ఎక్కువగా జాడింపుడు.

ఇంటినుండి డబ్బాలను, సీసాలను తెచ్చిన తల్లులు వాటిని ఈ బల్లపై పెట్టిన యెడల, అయిదవ తరగతి పిల్లలు ఒక్కొక్కదాని వెనుక పట్టికను మీకు చదివి వినిపింతురు.