దారిలో ఉన్న సరుకు

 

మేనేజ్‌మెంట్ పట్టభద్రులారా, మీలో చాలామంది తరగతిలో బీర్ గేమ్ ఆడే ఉంటారు. తల్లిదండ్రులారా, పేరు విని కంగారు పడకండి, అందులో సీసాలుండవు. బల్ల మీద బిళ్లలూ కాగితాలూ, అంతే. చిల్లర కొట్టు, హోల్‌సేలర్, పంపిణీదారు, ఫ్యాక్టరీ అని నలుగురు కూర్చుంటారు. వారానికి 4 కేసులున్న గిరాకీ అయిదో వారం 8 అవుతుంది, చివరిదాకా 8 దగ్గరే నిలుస్తుంది. అయినా సరుకు ముందు కరువవుతుంది, ఆనక గుట్టలు పడుతుంది. ఎంఐటీ ఆచార్యుడు జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో, జట్లకైన ఖర్చు కనీసంతో సరిపెట్టగలిగినదానికి సగటున సుమారు పదింతలు.

వాళ్లకు లెక్కలు రాక కాదు. మీ పుస్తకాలు మెంటల్ మోడల్ అనే ఆ మనసులోని బొమ్మలో గోదాములో కనిపించే సరుకే ఉంటుంది. ఆర్డరు పెట్టినా ఇంకా దారిలోనే ఉన్నది ఉండదు. రాలేదని మళ్లీ పెడతాం. అన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాక ఆర్డర్లే ఆపేస్తాం.

ఆట అయ్యాక గిరాకీ ఎలా నడిచిందో గీయమంటారు. ఎక్కువమంది అలలు గీస్తారు! ఖర్చు కన్నా నన్ను భయపెట్టేవి ఆ గీతలే. ఎవరూ అబద్ధమాడటం లేదు. తమ ఆర్డర్లు లేపిన అలను కొనేవాళ్లకు అంటగడుతున్నామని వాళ్లకు తెలియదు. ఇలాంటివాళ్లే రేపు గిరాకీ అంచనాకు మరింత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొంటారు.

ఈ ఆట వెనకున్న ఆలోచన అదే ఎంఐటీలోని జే ఫారెస్టర్‌ది. కెంటకీలోని తమ గృహోపకరణాల కర్మాగారాల్లో ఒకప్పుడు మూడు నాలుగు షిఫ్టులు నడుస్తాయనీ, కొన్నేళ్లకే సగంమందిని తీసేయాల్సి వస్తుందనీ 1950లలో జనరల్ ఎలక్ట్రిక్ అధికారులు ఆయనకు చెప్పారు. మార్కెట్ ఒడిదుడుకులంటే సరిపోయేది. స్వయంగా కంప్యూటర్లు నిర్మించిన మనిషే అయినా, ఆయన మాత్రం నోటుపుస్తకం తీసి నిల్వలు, ఉద్యోగులు, ఆర్డర్లు అని గడులు వేశాడు. ఆ అధికారులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో అడిగి, వారం వారం పెన్సిల్‌తో లెక్క కట్టాడు. బయటి నుంచి ఆర్డర్లు నిలకడగా వచ్చినా ఉద్యోగాల సంఖ్య ఊగుతూనే ఉంటుందని తేలింది.

అమ్మకాలు పడిపోయాయి, మనుషుల్ని తగ్గించాలి అనే ఫైలు మీ బల్ల మీదకూ వస్తుంది. సంతకానికి ముందు ఆ గడులు వేయండి. దారిలో ఉన్నదెంత? ఉద్యోగాల్లోకి తీసుకోబోతున్నవాళ్లెందరు? ఈ పతనంలో మన పాత సంతకాల వాటా ఎంత? మూడో ప్రశ్న మీ పైఅధికారికి రుచించకపోవచ్చు. ఆ పాత సంతకం ఆయనదే అయి ఉంటుంది.