ధాన్యపుకొట్టు పాత తలుపులు: బాగుచేత, వానజల్లు నుండి రక్షణ



ఎరువులను గూర్చియో, వరి వంగడములను గూర్చియో మాటలాడవలసిన సేద్యశాస్త్ర ఉపాధ్యాయునకు తలుపులతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. ఆరు నెలలు చెమటోడ్చి పండించిన ధాన్యము కళ్ళము దాటి కొట్టు చేరిన తరువాత దానికి కాపలా తలుపే గదా! 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినది. అది సార్వా వరి కోతల కాలము. కళ్ళములలో కుప్పలు తడిసిన సంగతి మీకు తెలియనిది కాదు. అయితే ఇల్లు చేరిన బస్తాలు కూడ తలుపు సందున కొట్టిన జల్లుకు తడియునని తలచువారు తక్కువ. ధాన్యము కొన్ని నెలలు నిలువ ఉండవలెనన్న తేమ నూటికి 14 పాళ్ళు మించరాదు. విత్తనమునకు ఇంకను తక్కువ ఉండవలెను. గుమ్మము ప్రక్కనున్న నాలుగు బస్తాల అడుగు తడిసిన చాలును; బూజు అచ్చట మొదలై లోపలికి ప్రాకును.

తలుపు అడుగున చివికినదనగానే దానిని ఊడబీకి ఇనుపరేకు షట్టరు పెట్టించుట ఇప్పుడు వాడుకైనది. తొందరపడవద్దని నా మనవి. పెద్దల నాటి కొట్టు తలుపులు చాలవరకు టేకు, మద్ది, వేప చేవతో చేసినవి. అంత ముదురు కలప ఇప్పుడు కొనబోయిన సులభముగా దొరకదు. ఎడ్లబండి పట్టుటకు పెట్టిన జోడు తలుపులు చాలచోట్ల ట్రాక్టరుకును సరిపోవుచున్నవి. ఇనుపరేకు మాత్రము శాశ్వతమా? సముద్రపు ఉప్పుగాలి తగులు ఊళ్ళలో అదియు అడుగు నుండియే త్రుప్పు తినును.

పాత తలుపులో మొదట చెడునది అడుగు జానెడు భాగము. దీనికి కారణము కలదు. నిలువుగా పెట్టిన చెక్కల అడుగు కొసలు కోసిన గడ్డిపరకల వంటివి; నీటిని అడ్డుగా కంటె నిలువుగా ఎన్నో రెట్లు త్వరగా పీల్చును. కలపలో తేమ నూటికి 20 పాళ్ళు దాటి నిలిచినప్పుడే చివుకుపట్టించు శిలీంధ్రములు పెరుగును. కలప ఆరియున్నచో అవి ఏమియు చేయలేవు. కాబట్టి రంగు అందమునకు కాదు, నీరు నిలువకుండుటకు అని గ్రహింపుడు.

ఈ పనికి చైత్ర వైశాఖములు తగిన కాలము. తలుపును బందుల నుండి దించి బల్లలపై పరచి, సన్నని మొనగల పనిముట్టుతో అడుగంతయు పొడిచి చూడుడు. మొన సులువుగా దిగినచోట చెక్క చచ్చినదని అర్థము. గట్టి చెక్క తగిలిన చోటునకు రెండు అంగుళములు పైగా కోయించి, అంతే మందముగల చేవచెక్కను సగము సగము కోతతో అతికించవలెను. అతుకు బయటివైపునకు వాలుగా ఉండవలెను; లేనిచో అందులోనే నీరు నిలుచును. ద్వారబంధపు నిలువు కమ్ములను చెదలు లోపల గుల్ల చేసినచో మాత్రము తలుపుపై ఖర్చు పెట్టుట వృథా. ముందు బంధమును మార్పించవలెను.

రెక్క వ్రేలాడి నేల రాచుచున్నచో, వెనుకవైపు ఏటవాలు బద్ద వేయించుడు. ఈ బద్ద క్రింద బందు మూలనుండి మొదలై పైన గొళ్ళెము వైపు మూలకు పోవలెను. అప్పుడు రెక్క బరువు బద్దమీదుగా బందుపై పడును. తారుమారుగా వేసిన బద్దలు నేను పల్లెలలో చాల చూచితిని. అవి బరువు పెంచుటకు తప్ప మరెందుకును పనికిరావు.

శ్రావణమాసములో తలుపు బిగిసినదని చిత్రికపట్టించు అలవాటు మానుడు. చెక్క తడికి అడ్డముగా ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. వానలలో చెక్కిన తలుపునకు వేసవిలో వ్రేలు దూరు సందు ఏర్పడును.

నీరు జారుటకు రెక్క అడుగున బయటివైపు ఒక వాలుబద్ద కొట్టించుడు. దాని క్రింది ముఖమున పొడవునా ఒక గాడి తీయవలెను. జారిన నీరు గాడి దాటి వెనుకకు పోలేక అచ్చటనే చుక్కగా పడును. బద్ద క్రింద నుండి అడుగు అంచువరకు జింకురేకు కొట్టినచో పందికొక్కు పళ్ళకు అందదు. రేకు పై అంచు బద్దలోనికి దూరియుండవలెను. తలుపు క్రింద సందు పావు అంగుళమునకు మించరాదు. చుంచెలుకకు అంతకన్న పెద్ద వాకిలి అక్కరలేదు. ట్రాక్టరు పోవుచోట ఎత్తు గడప కుదరదు గనుక, బయటి చపటాను లోపలి నేలకన్న అర అంగుళము పల్లముగా, వీధివైపు వాలుగా పోయించుడు.

పాత రంగు గీకునప్పుడు జాగ్రత్త. ఇంటి రంగులలో సీసము పది లక్షలకు 90 పాళ్ళు మించరాదను నిబంధన మన దేశములో 2017 నవంబరు నుండి అమలైనది. అంతకుముందు వేసిన రంగులో సీసము ఉండవచ్చును. కాల్చవద్దు, పొడిగా రుద్దవద్దు. తడిపి గీకి, పెచ్చులన్నియు గోనెపై ఏరి, పశువులకు, పిల్లలకు అందకుండ తీసివేయుడు. పశువులు రంగుపెచ్చులు నాకి విషము బారిన పడుట కలదు.

ఆరిన చెక్కకు కాచిన అవిసెగింజల నూనె రెండు పూతలు, లేదా ప్రైమరు వేసి పైన రంగు రెండు పూతలు వేయవలెను. రెండు ముఖములకును, ముఖ్యముగా పై క్రింది కొసలకును పూయుడు. ఒక ముఖమునకే పూసిన చెక్క వంగును. వాడిన ఇంజను నూనె ఊరకనే దొరకును గాని ధాన్యమున్న కొట్టుకు అది తగదు. వాసన పట్టును, దానిపై రంగు నిలువదు. అవిసెనూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వదలవద్దు. తమంత తామే వేడెక్కి అంటుకొనును. వాటిని నీటిలో ముంచి, బయట విడివిడిగా ఆరవేయుడు.

తలుపు ఎక్కించిన రాత్రి లోపల దీపము వేసి, మూసి, మీరు బయట నిలువుడు. వెలుతురు కనిపించినచోట సుద్దతో గుర్తు పెట్టుకొనుడు. రెండు రెక్కల నడుమ సందుకు ఒక రెక్కకు బద్ద కొట్టించి, దాని అంచున పాత ట్యూబు రబ్బరు పట్టీ బిగించినచో ఈదురుగాలి జల్లు కూడ ఆగును.