చుట్టల పెట్టెలో చెమ్మ

గురజాడవారి 'కన్యాశుల్కము'లో గిరీశము తన శిష్యుడైన వెంకటేశమునకు నేర్పిన విద్యలలో చుట్ట కాల్చుట యొకటి. ఆ గురువుగారు చుట్టను కాల్చుట నేర్పెనే గాని, దాచుట నేర్పలేదు. దాచుటకు ఆయనయొద్ద చుట్ట ఎన్నడును మిగిలియుండదు గాబోలు! మిగిలిపోయిన ఆ పాఠమును నేడు శ్రోతలకు చెప్పదలచినాము.

మా బంధువులలో ఒక పెద్దాయన ఉండెడివారు. గోదావరి లంకలలో పండిన పొగాకుతో చుట్టిన చుట్టలనిన ఆయనకు మిక్కిలి ప్రీతి. ఒక వేసవిలో కట్టలోని చుట్టలన్నియు పెళుసెక్కి, పై ఆకు చిట్లిపోవజొచ్చెను. ఆయన వానిని తడిగుడ్డలో చుట్టి, రేకుడబ్బాలో పెట్టి మూత బిగించిరి. ఇంతలో వానలు వచ్చినవి. డబ్బా మాట అందరును మరచిరి. శ్రావణమాసములో మూత తీసిచూడగా చుట్టలమీద నిండ బూజు! తుడిచి ఎండబెట్టి కాల్చెదనని ఆయన, వీలులేదని ఇంటివారు. చివరకు ఇంటివారిదే పైచేయి అయినది. వారు చేసినదే మంచి పని. బూజు పట్టిన పొగాకును తుడిచి వాడరాదు. అయితే ఆ పెద్దాయన చేసిన పొరపాటేమి? మూత బిగించుట పొరపాటు కాదు, తడిగుడ్డ పొరపాటు.

ఈ సంగతి తెలియుటకు గాలి స్వభావము కొంచెము తెలియవలెను. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల ఒక ఘనమీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల గాలి సుమారు 30 గ్రాములు మోయగలదు. గాలి మోయగలిగినదానిలో నూటికి ఎంతపాలు మోయుచున్నదో, ఆ లెక్కకే సాపేక్ష ఆర్ద్రత అని పేరు. చల్లని వేకువను 17 గ్రాములతో నిండుగా నున్న గాలి, మధ్యాహ్నమునకు 30 డిగ్రీలకు వేడెక్కినచో, అదే 17 గ్రాములు దానికి నూటికి 57 పాళ్లు మాత్రమే యగును. నీరు తగ్గలేదు, గాలికి దాహము పెరిగినది. ఆ దాహమును అది అప్పడములనుండియు, తలుపు చెక్కలనుండియు, చుట్టలనుండియు తీర్చుకొనును. వానకాలములో ఇందుకు విరుద్ధము: అప్పడము మెత్తబడును, తలుపు ఉబ్బి మూతపడదు, చుట్ట చెమ్మను పీల్చును.

పొగాకు ఆకు దాహముగల వస్తువు. చుట్టూ ఉన్న గాలితో సమమగువరకు అది తేమను ఇచ్చుచునో పుచ్చుకొనుచునో యుండును. మరీ ఎండినచో పై ఆకు పగులును, చుట్ట త్వరగా వేడిగా కాలిపోవును, వాసననిచ్చు తైలములు పోవును. పోయిన తైలములు మరల తేమ తగిలించినంత మాత్రమున తిరిగి రావు. మరీ చెమర్చినచో నిప్పు నిలువదు, లోపలి ఆకు ఉబ్బి పై ఆకును చీల్చును, తుదకు బూజు పట్టును. నూటికి 65 నుండి 70 వరకు ఆర్ద్రతగల గాలి దానికి అనుకూలము. క్యూబా దేశపు హవానా సిగారులకైనను, మన లంక చుట్టలకైనను ఈ సూత్రము వర్తించును.

ఇక ఆ ఆర్ద్రతను నిలుపుటెట్లు? దీనికి గురువు మన వంటయింటిలోనే ఉన్నాడు, ఉప్పు. వానకాలములో ఉప్పు నీరుకారుట గృహిణులందరును చూచినదే. గాలిలో ఆర్ద్రత నూటికి 75 పాళ్లు దాటినపుడు శుద్ధమైన ఉప్పు గాలిలోని నీటిని పీల్చి కరుగజొచ్చును. రాళ్ల ఉప్పులో ఇతర లవణములుండుటచే అది ఇంకను ముందుగనే చెమర్చును. ఉప్పు, దానిలో పూర్తిగా కరుగనంత స్వల్పముగ నీరు, ఈ రెండింటిని కలిపి మూత బిగించిన పాత్రలో ఉంచినచో, లోపలి గాలి 75 వద్దనే నిలుచును. గాలి ఎండినచో ఆ తడి ఉప్పు నీటినిచ్చును. ఎక్కువైనచో తిరిగి పుచ్చుకొనును.

ఇదియే తడిగుడ్డకును ఉప్పునకును గల భేదము. తడిగుడ్డ గాని, నీరు నింపిన స్పాంజి గాని ఇచ్చుటయే యెరుగును, పుచ్చుకొనుట యెరుగదు. మూతలోని గాలి 100కు చేరువరకు అది ఇచ్చుచునే యుండును. బూజునకు కావలసినదియు అదియే.

అయితే చుట్టలకు 75 కొంచెము ఎక్కువ. అది బూజు పొలిమేర. నేడు దుకాణములలో 65, 69 అను అంకెలు వేసిన చిన్న సంచులు దొరకుచున్నవి. వానిలోను ఉప్పు సూత్రమే పనిచేయును. లవణములు మాత్రము వేరు. ఉక్కగల మన కోస్తా ఇండ్లకు 65 అంకెగలది చాలునని మా అభిప్రాయము. సంచి గట్టిపడినపుడు క్రొత్తది వేయవలెను.

మామూలు ఉప్పు మరియొక విధమున పనికివచ్చును. ఆర్ద్రతను కొలుచు హైగ్రోమీటరులు తరచు తప్పు చెప్పును. ఒక సీసామూతలో చెంచాడు ఉప్పు పోసి, కొలది చుక్కల నీటితో ముద్దచేసి, హైగ్రోమీటరుతోబాటు బిగువైన డబ్బాలో ఒక దినము ఉంచుడు. డబ్బా తెరువకయే చూచినపుడు ముల్లు 75 చూపవలెను. 80 చూపినచో, ఆ పరికరము ఎల్లప్పుడును 5 ఎక్కువ చెప్పుచున్నదని గ్రహింపవచ్చును.

పెట్టె విషయము. సిగారుల పెట్టెలకు పేరొందినది స్పానిష్ సెడార్ అను కొయ్య. అది స్పెయినుది కాదు, నిజమైన దేవదారువును కాదు. ఉష్ణ అమెరికా దేశములలో పెరుగు మన వేపకుటుంబపు చెట్టు. క్రొత్త పెట్టె తానే చెమ్మను పీల్చుకొనును గనుక, లోపల డిస్టిల్డు వాటరు గిన్నె నుంచి, కొన్నినాళ్లు మూసియుంచిన పిమ్మట వాడవలెను. అంత వ్యయమునకు ఓర్వనివారికి బిగువైన మూతగల గాజుజాడీ చాలును. ఊరగాయ పెట్టిన జాడీ మాత్రము తగదు. ఆ వాసనను పొగాకు వదలక పట్టుకొనును. ఎండిపోయిన చుట్టలను ఒక్కసారిగా తడుపక, ఇట్టి పెట్టెలో కొన్ని వారములపాటు నిదానముగ తేరుకొననీయవలెను.

తేమతోబాటు వేడిమియు ముఖ్యము. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుగల ఎర్రని గోధుమవన్నె పురుగొకటి పొగాకును తొలిచి, సూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రములు చేయును. మిరపపొడి, ధనియాలు మొదలగు సంబారములను పట్టునదియు ఇదియే. మన దేశపు వేడిమి దానికి మిక్కిలి అనుకూలము. రంధ్రములు కనబడినచో, తొలిచిన చుట్టలను పారవేసి, తక్కినవానిని గాలి చొరని సంచిలో పెట్టి, ఒక దినము రిఫ్రిజిరేటరులోను, తరువాత ఒక వారము సున్నకు దిగువ 18 డిగ్రీలుండు ఫ్రీజరులోను, మరల ఒక దినము రిఫ్రిజిరేటరులోను ఉంచి, ఆపై బయటికి తీయవలెను. ఒక్కసారిగా చలినుండి వేడికి తెచ్చినచో పై ఆకు పగులును. పెట్టెను పొయ్యి దగ్గరను, ఎండ తగులు గోడ దగ్గరను ఉంచరాదు. ఇంటిలో చల్లని మూలయే దానికి తగిన స్థానము. పిల్లల చేతికి అందని ఎత్తున నుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు; పొగాకు నమలిన పసివారికి అది విషము.

కడపట ఒక మాట చెప్పక ముగించుట ధర్మము కాదు. ఈ పెట్టె పొగాకును చెడకుండ కాపాడును గాని, కాల్చువానిని కాపాడజాలదు. చుట్ట పొగ నోటికిని, గొంతుకును, ఊపిరితిత్తులకును కేన్సరు తెచ్చును. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొనను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిలో వచ్చు కేన్సరును వైద్యులు చిరకాలముగ గుర్తించియున్నారు. అలవాటు లేనివారు చేసికొనకుండుటయు, ఉన్నవారు మానుటయు మేలు.

మానినవారికిని ఈ పాఠము వృథా కాదు. తడిగుడ్డవలె ఇచ్చుటయే యెరిగినది సంరక్షణ కాదు. ఉప్పువలె తగినపుడు ఇచ్చి, మించినపుడు పుచ్చుకొనునదే సంరక్షణ. ఇంటిలోని వీణకును, పాత పుస్తకములకును, వచ్చే ఏటికి దాచుకొను విత్తనములకును కావలసిన తేమ పరిమాణము వేరు కావచ్చును గాని, సూత్రము మాత్రము ఇదియే. మా బంధువుగారి రేకుడబ్బా మూత నేటికిని బిగువుగనే యున్నది. ఇప్పుడు దానిలో బీర విత్తనములు దాచుచున్నారు.