అమ్మతో ఎలక్ట్రిక్ సైకిల్ మీద నాపా వ్యాలీ: మన ద్రాక్ష తోటలు పోయాయి, వాళ్ళవి ఎలా మిగిలాయి?

థంబ్‌నెయిల్‌లో ద్రాక్ష తోట, గ్లాసు చూసి క్లిక్ చేసినవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా. ఈ ఎపిసోడ్‌లో వైన్ కొంచెమే ఉంది. సైకిల్ ఎక్కువ, మా అమ్మ ఎక్కువ, భూమి గురించి ఇంకా ఎక్కువ. వైన్ రివ్యూ కావాలంటే వేరే ఛానెల్స్ బోలెడు ఉన్నాయి, ఏమీ అనుకోను.

మా అక్క డెలివరీ కోసం అమ్మ ఫ్రీమాంట్ వచ్చి నాలుగు నెలలైంది. అమెరికాకి అమ్మానాన్నల్ని తీసుకొచ్చిన ప్రతి ఇంట్లో ఉండే సీనే మా ఇంట్లోనూ. డ్రైవింగ్ రాదు, బస్సు అర్థం కాదు, అక్కాబావా ఆఫీసుకి పోతే పిల్ల, కిచెన్, బాల్కనీ. మేడ్చల్‌లో కూరగాయలకి, బ్యాంకుకి, గుడికి ఒక్కతే తిరిగే మనిషి ఇక్కడ పాల ప్యాకెట్ కోసం కూడా వీకెండ్ దాకా ఆగాలి. ఆవిడ కంప్లైంట్ చెయ్యదు. "మంచిగనే ఉన్న బిడ్డా" అంటుంది. ఆ "మంచిగనే" వింటే మనకి తెలిసిపోతుంది కదా.

నేను రెండు వారాలు షూట్ కోసం వచ్చా. సెప్టెంబర్, హార్వెస్ట్ టైమ్. నాపా వ్యాలీలో గైడెడ్ ఈ-బైక్ టూర్ కవర్ చేద్దామని ప్లాన్. అమ్మని కూడా తీసుకెళ్తా అంటే బావ నవ్వాడు. అమ్మకి 57. మోకాళ్ళ నొప్పి. కానీ హైస్కూల్ రోజుల్లో శామీర్‌పేట వైపు మట్టి రోడ్ల మీద రోజూ సైకిల్ తొక్కింది. దానికి బాడీలో మెమరీ ఉంటుంది, పోదు.

ముందు మ్యాప్ పెట్టుకుందాం. నాపా వ్యాలీ అంటే శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, సుమారు 30 మైళ్ళ పొడవున్న సన్నటి లోయ. మధ్యలో రెండు రోడ్లు సమాంతరంగా పోతాయి. పడమర వైపు హైవే 29, తూర్పు వైపు సిల్వరాడో ట్రెయిల్. ఇవి కాకుండా సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ మాత్రమే వైన్ ట్రెయిల్ అని ఒక దారి కడుతున్నారు, మొత్తం 47 మైళ్ళు ప్లాన్, ముక్కలు ముక్కలుగా పూర్తవుతోంది. మేం ఎంచుకున్నది పైన ఉన్న ముక్క, కాలిస్టోగా నుంచి సెయింట్ హెలెనా దాకా దాదాపు 8 మైళ్ళు. వచ్చేటప్పుడు సిల్వరాడో ట్రెయిల్. మొత్తం కలిపి 20 మైళ్ళ లోపు, అంటే 30 కిలోమీటర్ల చిల్లర.

గ్రూపులో ఎనిమిది మందిమి, ఒక గైడ్, వెనకాల ఒక వ్యాన్. అమ్మకి పైన రాడ్ లేని లేడీస్ సైకిల్ ఇచ్చారు, కాలు ఎత్తే పనిలేదు. చూసి మొదటి డౌట్: "ఇది సైకిలా, లూనానా?"

చాలా కరెక్ట్ క్వశ్చన్. కాలిఫోర్నియా చట్టం సరిగ్గా ఈ ప్రశ్నకే మూడు జవాబులు రాసుకుంది. క్లాస్ 1: మీరు తొక్కితేనే మోటార్ పనిచేస్తుంది, గంటకి 20 మైళ్ళు దాటగానే సాయం ఆపేస్తుంది. క్లాస్ 2: తొక్కకపోయినా యాక్సిలరేటర్ లాంటి త్రాటిల్‌తో పోతుంది, అదే 20 మైళ్ళ లిమిట్. ఇది నిజంగా మన లూనాకి చుట్టం. క్లాస్ 3: తొక్కాలి, కానీ 28 మైళ్ళ దాకా సాయం చేస్తుంది, 16 ఏళ్ళు నిండాలి, వయసు ఎంతైనా హెల్మెట్ తప్పదు. మాకిచ్చింది క్లాస్ 1.

ఇంజనీర్ బుర్రకి ఇంట్రెస్టింగ్ పార్ట్ ఇక్కడుంది, రెండు నిమిషాలు భరించండి. మంచి ఈ-బైక్‌లో పెడల్ దగ్గర టార్క్ సెన్సర్ ఉంటుంది. మీ కాలు ఎంత బలంగా నొక్కుతోందో కొలుస్తూ, దానికి తగ్గట్టు మోటార్‌కి కరెంటు పంపిస్తుంది. మీరు గట్టిగా నొక్కితే అదీ గట్టిగా, వదిలేస్తే అదీ వదిలేస్తుంది. అందుకే ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు ఉండదు, మన కాళ్ళే పదిహేనేళ్ళు వెనక్కి పోయినట్టు ఉంటుంది. చవక బళ్ళలో క్యాడెన్స్ సెన్సర్ మాత్రమే ఉంటుంది. పెడల్ తిరుగుతోందా లేదా, అంతే చూస్తుంది. దాంతో ఏమవుతుందంటే, సిగ్నల్ దగ్గర ఆగి కొంచెం తొక్కగానే సెకను లేటుగా ఒక్కసారి ముందుకి లాగుతుంది. పెద్దవాళ్ళకి డేంజర్ అదే. అమ్మానాన్నల కోసం రెంట్‌కి తీసుకునేటప్పుడు "టార్క్ సెన్సర్ ఉందా" అని అడగండి. రంగు, బ్రాండ్ తర్వాత.

బ్యాటరీ సుమారు 500 వాట్ అవర్. మన కరెంటు బిల్లు భాషలో అర యూనిట్. తక్కువ సాయం మీద పెట్టుకుని, మైలుకి 15 వాట్ అవర్లు ఖర్చవుతుంది అనుకుంటే 33 మైళ్ళు వస్తుంది. మా 20 మైళ్ళకి ధారాళంగా సరిపోతుంది. ఫుల్ టర్బోలో పోతే ఈ లెక్క మారిపోతుంది. ఇంకోటి, బండి 20 కిలోల పైనే ఉంటుంది. నడిచేటప్పుడు ఏం తెలియదు, ఆపి స్టాండ్ వేసేటప్పుడు తెలుస్తుంది.

గైడ్ పార్కింగ్ లాట్‌లో అమ్మతో పావుగంట ప్రాక్టీస్ చేయించాడు. ఆగే ముందే గేరు తగ్గించు, ఎకో మోడ్‌లోనే స్టార్ట్ అవ్వు, రెండు బ్రేకులూ కలిపి పట్టు. అమ్మ మొదటి రెండు రౌండ్లు వంకరటింకరగా పోయింది. మూడో రౌండ్‌కి బెల్ కొట్టింది. ఎందుకు కొట్టావమ్మా, ఎవరూ లేరు కదా అంటే, "ఉంది కదా, కొట్టిన" అంది.

దారి అంతా చదును. మధ్యలో స్టేట్ పార్క్ అడవి ముక్క వస్తుంది, ఆ పక్కనే 1846 నాటి నీటి పిండిమర, 36 అడుగుల చక్రం. ఫొటో దిగి కదిలాం. అక్కడికి దగ్గర్లోనే కొండ మీద ష్రామ్స్‌బర్గ్ అనే వైనరీ ఉంది, 1862లో మొదలైంది. దాని కింద సొరంగాలు తవ్వింది చైనా నుంచి వచ్చిన కూలీలు. ఇరవై ఏళ్ళకి, 1882లో, చైనా కూలీలు అమెరికాకి రాకూడదని చట్టం చేశారు. వీసా స్టాంపింగ్ టెన్షన్‌లో ఉన్నవాళ్ళు ఈ విషయం ఓసారి చదువుకోండి.

ఇక మందు టాపిక్. టూర్‌లో రెండు చిన్న వైనరీల దగ్గర ఆగుతారు. టేస్టింగ్ అంటే గ్లాసులో అడుగున కొంచెం పోస్తారు, నాలుగైదు రకాలు. ఉమ్మేయడానికి బకెట్ పెడతారు. ఉమ్మేస్తే అవమానం ఏమీ లేదు, ప్రొఫెషనల్స్ అందరూ అదే చేస్తారు. కానీ మనవాళ్ళు ఏం చేస్తారు? డబ్బులు కట్టాం కదా అని మొత్తం తాగుతారు. నాపాలో ఒక్కో టేస్టింగ్‌కి 50 డాలర్లు దాటడం మామూలు, కాబట్టి ఆ బాధ నాకు అర్థమవుతుంది. మా గ్రూపులో ఒకతను, మనవాడే, బే ఏరియాలో జాబ్, రెండో స్టాప్ అయ్యేసరికి బాగా హుషారుగా ఉన్నాడు. గైడ్ గొడవ పడలేదు. అతని సైకిల్ తీసి వ్యాన్‌లో పెట్టి, డోర్ తెరిచి నిలబడ్డాడు. అతను, "బ్రో, ఇది సైకిలే కదా, కారు కాదు కదా" అంటున్నాడు.

సైకిల్ అయినా నేరమే. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ సెక్షన్ 21200.5, మత్తులో రోడ్డు మీద సైకిల్ తొక్కితే 250 డాలర్ల దాకా ఫైన్. ఆ 250 పెద్ద లెక్క కాదు. రికార్డు పెద్ద లెక్క. వీసా ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. హెచ్-1బీ మీద ఉన్నవాడు ఒక మధ్యాహ్నం సరదాకి ఆ గడిలో "ఎస్" అని టిక్ పెట్టుకోవాలా? ఆ వ్యాన్ ఉంది చూడండి, గైడెడ్ టూర్‌కి మనం కట్టే డబ్బుల్లో నా దృష్టిలో సగం విలువ దానిదే. సిల్వరాడో ట్రెయిల్ మీద పక్కనుంచి కార్లు చాలా స్పీడుగా పోతాయి. అక్కడ తూలితే ఫైన్ వేయడానికి కూడా ఎవరూ మిగలరు.

అమ్మ తాగదు. గ్లాసు వాసన చూసి, "చింతపండు నానబెట్టినట్టుంది" అని నాకిచ్చేసింది. నేను రెండు సిప్పులు వేసి బకెట్ వాడాను. అమ్మ ఇంట్రెస్ట్ అంతా బయట తోటలో.

ఎందుకంటే మా తాతకి ద్రాక్ష తోట ఉండేది. మీలో చాలామందికి తెలియదేమో, ఒకప్పుడు హైదరాబాద్ అంటే ద్రాక్ష. అనాబ్-ఎ-షాహి అనే రకం, పెద్ద పెద్ద పండ్లు, లేత పసుపు రంగు, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల అంతా పందిళ్ళే. మన దగ్గర తీగ తలమీద పందిరికి పాకుతుంది, కింద నీడలో మనుషులు నడుస్తారు. నాపాలో పందిరి ఉండదు. వైర్లు కట్టి, నడుము ఎత్తులో గోడలా వరసలు. అమ్మకి అది చూడగానే నచ్చలేదు. "నీడే లేదు, తెంపేటోళ్ళు ఎట్ల నిలవడతరు ఎండల?" అంది. గైడ్‌ని అడిగా. అందుకే చాలా చోట్ల రాత్రిపూట లైట్లు పెట్టి కోస్తారట. చల్లగా ఉంటే పండూ పాడవదు, మనుషులూ పాడవరు.

ఓనర్ పర్మిషన్‌తో ఒక పండు తెంపి ఇచ్చారు. క్యాబర్నే సావినియాన్. బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దది, తోలు మందం, లోపల గింజలు, కానీ తీపి మాత్రం విపరీతం. తినే ద్రాక్షని దాదాపు 16 నుంచి 20 బ్రిక్స్ తీపి దగ్గర కోస్తారు, వైన్ ద్రాక్షని 24, 25 దాకా ఉంచుతారు. ఆ చక్కెరే తర్వాత ఆల్కహాల్ అవుతుంది. అమ్మ గింజలు చేతిలో ఉమ్మి, "తాత తోటలదే మంచిగుండె" అని తీర్పు ఇచ్చింది.

తర్వాత అడిగింది అసలు ప్రశ్న. "ఇంత పెద్ద సిటీ పక్కన ఇన్ని తోటలు ఎట్ల ఉంచిన్రు? ప్లాట్లు చేయలేదా?"

మా తాత తోట ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీ. మామ అమ్మాడు. తప్పు పట్టను, ఎకరం రేటు అలా పెరిగితే ఎవరైనా అమ్ముతారు. నేను బీటెక్ చదివింది కూడా ఆ డబ్బుల్లో కొంతతోనే. నాపా రైతు కూడా అదే మనిషి కదా, మరి ఎందుకు అమ్మలేదు?

జవాబు ఒక జోనింగ్ రూల్. 1968లో నాపా కౌంటీ అగ్రికల్చరల్ ప్రిజర్వ్ అని పెట్టింది. లోయ అడుగున మొదట 23 వేల ఎకరాల్లో, 20 ఎకరాల కంటే చిన్న ముక్కలుగా భూమిని విడగొట్టకూడదు. 1979లో ఆ 20ని 40 చేశారు. అంటే 200 గజాల ప్లాట్లు అనే మాటే లేదు. భూమి నీదే, అమ్ముకో, కానీ కొన్నవాడు కూడా వ్యవసాయమే చెయ్యాలి. అప్పట్లో మా భూమి విలువ చంపేస్తున్నారని రైతులే చాలామంది గొడవ చేశారు. న్యాయమైన గొడవే. గుర్తుంచుకోండి, 1968లో నాపా ఇంకా నాపా కాలేదు. వాల్‌నట్, ప్రూన్ తోటలు కూడా ఉండేవి. ప్యారిస్ బ్లైండ్ టేస్టింగ్‌లో ఇక్కడి వైన్లు ఫ్రెంచ్ వైన్లని ఓడించింది 1976లో, ఎనిమిదేళ్ళ తర్వాత. అందులో గెలిచిన తెల్ల వైన్ చేసిన షాటో మాంటెలెనా మేం బయల్దేరిన కాలిస్టోగాలోనే ఉంది. ఇంకా 1990లో ఓటర్లు మెజర్ జె అని పాస్ చేశారు. ఆ భూమిని వేరే పనికి మార్చాలంటే నాయకుల సంతకం చాలదు, జనం ఓటేయాలి. 2008లో దాన్ని 2058 దాకా పొడిగించారు.

ఇప్పుడు దీనికి పక్కన ఇంకో లోయ పెట్టండి. శాంటా క్లారా వ్యాలీ. అక్కడా కిలోమీటర్ల కొద్దీ పండ్ల తోటలే ఉండేవి. ఆ రూల్ అక్కడ రాలేదు. దాన్నే ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటున్నాం, మన వాళ్ళందరి జీతాలు అక్కడి నుంచే. ఏది రైట్ అని నన్ను అడగకండి, నా లింక్డ్‌ఇన్ అంతా రెండో లోయలోనే ఉంది.

నాపా కూడా స్వర్గం కాదు. అమ్మ రెండో ప్రశ్న, "ఈ కూలోళ్ళు ఏడ ఉంటరు?" ఎక్కువమంది మెక్సికో మూలాలున్నవాళ్ళు. ఇళ్ళ రేట్లకి లోయలో ఉండలేక చాలామంది బయటి ఊళ్ళ నుంచి కార్లలో వస్తారు. కౌంటీ తరఫున మూడు కూలీ హాస్టళ్ళు ఉన్నాయి, తోటల ఓనర్ల దగ్గర ఎకరానికి ఇంత అని వసూలు చేసి నడుపుతారు. తోట మిగిలింది, తోటలో పనిచేసేవాడికి ఇల్లు మిగల్లేదు.

తిరుగు దారిలో సిల్వరాడో ట్రెయిల్ పక్కన కొండల మీద నల్లగా మాడిన చెట్లు కనిపిస్తాయి. 2020 సెప్టెంబర్ గ్లాస్ ఫైర్, 67 వేల ఎకరాలకు పైగా కాలింది. కారులో పోతే గమనించం, సైకిల్ మీద తప్పించుకోలేం.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు మూడు చూసుకోండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లో సైకిల్ యాక్సిడెంట్ కవర్ అవుతుందా, పాత జబ్బులకి ఏం మినహాయింపు ఉంది, బుక్ చేసే ముందే చదవండి. టూర్ వాళ్ళు సంతకం పెట్టించుకునే పేపర్‌లో "మీకేమైనా అయితే మా బాధ్యత లేదు" అనే ఉంటుంది. పొద్దున బ్యాచ్ తీసుకోండి, మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. చుడీదార్ అయితే చున్నీ వదిలేయండి, చైన్‌లో పడుతుంది. అమ్మ చున్నీ గైడ్ బ్యాగ్‌లోనే ఉండిపోయింది, మర్నాడు పోస్ట్‌లో పంపాడు పాపం.

లైవ్‌లో ఒకరు అడిగారు, ఇండియాలో కుదురుతుందా అని. 250 వాట్ల లోపు మోటార్, 25 కిలోమీటర్ల లోపు స్పీడ్ అయితే మన దగ్గర ఈ-సైకిల్‌కి లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తోటలు కావాలంటే నాసిక్. హైదరాబాద్‌లో సైకిల్ అంటే ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. ద్రాక్ష చూడాలంటే రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది, సీజన్‌లో మనమే తెంపుకుని కొనుక్కోవచ్చు.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో ద్రాక్ష పందిరి ఉన్న ఫొటో ఏదైనా ఉంటే పంపండి. మేడ్చల్, శామీర్‌పేట, శంషాబాద్ వైపు వాళ్ళు ముఖ్యంగా. తాత తోట ఫొటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. అమ్మ అడుగుతోంది.