చక్రాల కుర్చీ – మన దారికి తగిన చక్రం

(ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో చక్రాల కుర్చీ అవసరం పెరుగుతున్నది. పక్షవాతం, మోకాళ్ల అరుగుదల అన్నిచోట్లా ఉన్నవే. ఉద్దానంలో వాటికి మూత్రపిండాల జబ్బు తోడయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయింది. డయాలసిస్ ముగించుకొని నీరసంగా బయటికి వచ్చే మనిషికి ఒక్కొక్కప్పుడు ఆ కుర్చీయే కాళ్లు. కొనేటప్పుడు మాత్రం మనం సీటు, ధర చూస్తాము, చక్రాలు చూడము. నా మనవి ఒక్కటే. ఆసుపత్రి నున్నటి నేలను కాదు, మన ఇంటి దారిని చూసి కుర్చీ ఎంచుకోవాలి.

మొదట వెనుక చక్రం. కూర్చున్నవారే తోసుకోగలిగితే, చేతి రింగు ఉన్న 24 అంగుళాల చక్రం కావాలి. నాలుగూ చిన్న చక్రాలే ఉన్న కుర్చీ తేలికగా ఉంటుంది, ఆటోలో పడుతుంది. కాని గుమ్మం దాకా వెళ్లాలన్నా మరొకరు తోయవలసిందే. చేతుల్లో సత్తువ ఉన్నవారికి అది ఇస్తే, మిగిలిన స్వేచ్ఛ కూడా పోతుంది.

తరువాత టైరు. గట్టి రబ్బరు టైరుకు పంక్చరు బాధ లేదు. టెక్కలిలోనో, కాశీబుగ్గలోనో సిమెంటు రోడ్డు మీద, గచ్చు నేల మీద తిరిగేవారికి అదే మేలు. జీడితోటల మధ్య గతుకుల దారిలో అయితే ప్రతి కుదుపూ నడుముకు తగులుతుంది. గాలి టైరు ఆ కుదుపును తగ్గిస్తుంది. కాని ముల్లు గుచ్చుకుంటే దిగిపోతుంది. ఇంట్లో పంపు ఉండాలి.

వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి తీరంలో ఇసుక మరో సమస్య. సన్నని టైరు ఇసుకలో దిగబడుతుంది. వెడల్పు టైరు కొంత నయం. అన్నిటికన్నా ముందు కూరుకుపోయేవి ముందరి చిన్న చక్రాలు. అవి ఎంత పెద్దవిగా, వెడల్పుగా ఉంటే అంత మంచిది. కొద్దిపాటి ఇసుక అడ్డువస్తే కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు నడిచేలా లాగండి. లోతు ఇసుకలోకి మామూలు కుర్చీని దింపవద్దు.

టైరు మార్చేటప్పుడు సైకిలు షాపులో "24 అంగుళాలు" అంటే చాలదు. టైరు పక్కన 37-540 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. 24 అంగుళాల సైకిలు టైర్లలో 507 ఉన్నవీ ఉన్నాయి; అవి 540 రిమ్ముకు పట్టవు. పాత టైరును వెంట తీసుకువెళ్లండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చాలా కుర్చీల్లో బ్రేకు టైరునే నొక్కిపట్టి ఆపుతుంది. గాలి తగ్గితే బ్రేకు సరిగా అందదు. మనిషి మంచం మీదికి మారుతుండగా కుర్చీ వెనక్కి జారుతుంది. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేవడం కష్టం. డయాలసిస్ రోగికి ఫిస్టులా ఉన్న చేతికి దెబ్బ తగిలితే అది మరో ప్రమాదం. అందుచేత వారానికొకసారి గాలి చూడండి. ఎంత గాలి పట్టాలో టైరు మీదనే రాసి ఉంటుంది. గట్టి టైరు అయినా అరిగితే బ్రేకును సరిచేయించాలి. బ్రేకు వేసి, కుర్చీని తోసి చూశాకే మనిషిని లేపండి.

కొబ్బరి పీచు, తలవెంట్రుకలు చిన్న చక్రాల ఇరుసుకు చుట్టుకుంటాయి; తీసివేస్తుండాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, పొడిబట్టతో తుడవాలి.

పేద వృద్ధుల కోసం కేంద్రం 2017లో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో చక్రాల కుర్చీలు కూడా ఉచితంగా ఇచ్చారు. ఉచితంగా వచ్చినదైనా, వేలు పోసి కొన్నదైనా పరీక్ష ఒక్కటే: కూర్చునే మనిషిని కూర్చోబెట్టి, వారు రోజూ తిరిగే దారిలో నడిపి చూడాలి.