లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు

నిజామాబాద్, బోధన్ కేబుల్ కంట్రోల్ రూముల్లో పనిచేసే తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు. బొమ్మ ఆగిందంటే చాలామంది ముందు ఎన్‌కోడర్‌ను ఆపి మళ్లీ వేస్తారు. అది తొందరపాటు. తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు దాంతో చెరిగిపోతాయి.

మొదట పోర్టు దగ్గరి చిన్న లైటు చూడండి. వెలగకపోతే తీగ మార్చండి. రాగి నెట్‌వర్క్ తీగ 100 మీటర్లు దాటితే చేతులెత్తేస్తుంది. శక్కర్‌నగర్ దాకా బొమ్మ పోవాలంటే ఫైబరే దిక్కు, పిడుగుల కాలంలో మరీను. లైటు ఉంటే పింగ్ చేయండి. జవాబు వస్తూ పోతూ ఉంటే, ఒకే ఐపీ నంబరు రెండు పెట్టెలకు ఇచ్చారేమో వెతకండి.

పింగ్ బాగుండీ బొమ్మ రాకపోతే? అసలు చిక్కు ఇక్కడే. పింగ్ నడిచేది ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు. చానళ్లు ఎక్కువగా పోయేది ఒక చోటి నుంచి ఒకేసారి ఎన్నో పెట్టెలకు పంపే మల్టీకాస్ట్‌లో, 239తో మొదలయ్యే చిరునామాల మీద. స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్, అంటే అడిగిన పోర్టుకే చానల్ పంపే పద్ధతి, ఉండి, ఎవరికి ఏ చానల్ కావాలో అడుగుతూ ఉండే క్వెరియర్ లేకపోతే, బొమ్మ కొన్ని నిమిషాలు వచ్చి ఆగిపోతుంది. స్నూపింగే లేకపోతే అన్ని చానళ్లూ అన్ని పోర్టుల మీదా పడి, బొమ్మ గడులు గడులుగా చెదిరిపోతుంది.

ఏ పెట్టెకు ఏ ఐపీ నంబరో ఈరోజే కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు అంటించండి.