మనలోని సుబ్బయ్య
(పెన్షనర్ల దినోత్సవ సభలో, చిట్యాలలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యంలో యాంటీ హీరో లక్షణాలను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చాలామంది ఇతణ్ణి ప్రతినాయకుడనుకుంటారు. అది పొరపాటు. రావణుడు ప్రతినాయకుడు, నాయకుణ్ణి ఎదిరించి నిలుస్తాడు. యాంటీ హీరో కథకు నాయకుడే, కాని నాయక లక్షణాలుండవు. మన ఆలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు విధాలుగా చెప్పారు. నాలుగింటికీ ముందున్న మాట 'ధీర'. అది తీసివేస్తే మిగిలేవాడే యాంటీ హీరో.

తెలుగులో ఇతడు కొత్తవాడు కాడు. 1892లో తొలిసారి ప్రదర్శించిన గురజాడవారి 'కన్యాశుల్కం'లో గిరీశం సంస్కరణ గురించి ఉపన్యాసాలిస్తాడు, ఆచరణ శూన్యం. అయినా అందరికీ గుర్తుండేది అతడే. గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు వంశప్రతిష్ఠ పేరుతో ఆస్తిని, చివరకు తన్ను తానే పోగొట్టుకుంటాడు.

మన ఉద్యోగులకు బాగా దగ్గరివాడు మాత్రం రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి 'అల్పజీవి' సుబ్బయ్య. గుమాస్తా. ఆఫీసులో భయం, ఇంట్లో భయం. కాంట్రాక్టరు గవరయ్య అంటే వణుకు. చెడ్డవాడు కాడు. తప్పేదో తెలుసు, నోరు పెగలదు. మనసులో మాత్రం వాదన తెగదు. రచయిత అతణ్ణి పొగడలేదు, అతని మనసు లోపలికే మనల్ని తీసుకుపోయారు.

ఒక సంగతి మనవి చేస్తాను. నా సర్వీసులో ఒకసారి స్టాకు రిజిస్టరులో లెక్క తగ్గితే నింద ఒక అటెండరు మీద పడింది. అతని తప్పు లేదని నాకు తెలుసు. బదిలీ చేస్తారన్న భయంతో తల వంచుకొని కూర్చున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. తర్వాత 'అల్పజీవి' చదివితే సుబ్బయ్య నా కుర్చీలోనే కూర్చున్నట్టనిపించింది.

భయం మనిషికి సహజం. దాన్ని దాచుకోకుండా చూపించడమే ఇలాంటి పాత్రలు చేసే మేలు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు పింఛను దయాదానం కాదు, హక్కు అన్నది. ఆ తీర్పు రావడానికి నకారా అనే విశ్రాంత ఉద్యోగి, మరికొందరితో కలిసి కోర్టు మెట్లెక్కారు. ఆయన కూడా మనలాగే ఫైళ్ళ మధ్య బతికినవారే. ఒంటరిగా ఉంటే సుబ్బయ్యలమైన మనం, పదిమంది కలిస్తే నోరు విప్పగలం. సంఘం ఉన్నది అందుకే.

మన పిల్లలు, మనుమలు ఈ పుస్తకాలు చదవాలని కోరుతున్నాను.